డీ-అడిక్షన్ పరికరాలు చేయాలంటే ఏ బ్రాంచ్ తీసుకోవాలి?

"ఇంటర్ ఎంపీసీ సెకండియర్ చదువుతున్నాను. మా నాన్న తాగుడు మాన్పించడానికి నెలనెలా హైదరాబాద్ తిప్పాం. ఊళ్లోనే పరీక్ష చేసే చవక మెషిన్ తయారు చేయాలని ఉంది. బయోమెడికల్ తీసుకోనా, ఈసీఈనా?" అని అడిగావు.

బ్రాంచ్ గురించి అంత టెన్షన్ వద్దు తల్లీ. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలోనో ఐఐటీ హైదరాబాద్‌లోనో బయోమెడికల్ సీటు వస్తే తీసుకో. రాకపోతే ఆ పేరు కోసం ఏదో ఒక కాలేజీలో చేరకు, ఈసీఈలో సెన్సర్లు, సర్క్యూట్లు, కోడింగ్ గట్టిగా నేర్చుకో, తర్వాత గేట్‌లో 2020 నుంచి ఉన్న బయోమెడికల్ పేపర్ రాసి ఎంటెక్‌కి వెళ్లొచ్చు.

అంతకన్నా ముఖ్యంగా ఇంకొకటి చెప్పాలి. ట్రాఫిక్ పోలీసులు ఊదించే బ్రెత్ అనలైజర్ చూశావుగా, చాలావాటిలో ఉండేది చిన్న ఫ్యూయల్ సెల్, ఊపిరిలోని ఆల్కహాల్ ప్లాటినం ఎలక్ట్రోడ్ మీద ఆక్సీకరణం చెంది కరెంట్ పుడుతుంది, దాన్ని కొలిచి అంకె చూపిస్తుంది. కానీ మనిషి ఇప్పుడు తాగి ఉన్నాడా అన్నదే అది చెప్పగలదు, తాగుడుకు బానిసయ్యాడా అన్నది చెప్పలేదు. దాన్ని పసిగట్టడానికి డబ్ల్యూహెచ్‌వో వాళ్ల 'ఆడిట్' అనే ప్రశ్నావళి ఉంది, పది ప్రశ్నలే, 40కి 20 గానీ అంతకుమించి గానీ వస్తే డాక్టర్‌కి చూపించాల్సిందే. ఆ పది ప్రశ్నలు మన ఊరి తెలుగులో, ఆశా కార్యకర్త ఫోన్‌లో, నెట్ లేకున్నా పనిచేసేలా పెట్టడం కూడా నువ్వనుకునే మెషిన్ లాంటిదే.

ఒక డీ-అడిక్షన్ సెంటర్‌లో నేను చూసింది చెప్తాను. సిగరెట్ మానాలనుకునే ఒకాయన పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టి అట్ట గొట్టంలోకి ఊదితే చేతిలో పట్టే, పొగ తాగితే ఊపిరిలో పెరిగే కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచే మీటర్‌లో 22 పడింది. వారం మానేసి వచ్చి ఊదితే 3. ఆ అంకెను ఫోన్‌లో ఫొటో తీసుకుని భార్యకు పంపాడు, అక్కడే నిలబడి. పరికరం రోగి చేతికి ఏమిస్తుందో అప్పుడే నాకు అర్థమైంది, పట్టించడానికి వాడే మెషిన్ వేరు, మానడానికి తోడుండే మెషిన్ వేరు.

2019లో కేంద్రం విడుదల చేసిన సర్వేలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని తేలింది. కాబట్టి సెలవుల్లో దగ్గరలోని డీ-అడిక్షన్ సెంటర్‌లో అనుమతి అడిగి కూర్చో, కౌన్సెలర్లకు ఎక్కడ చేతులు కట్టేసినట్టు అవుతోందో రాసుకో. ప్రాజెక్ట్ అక్కడే దొరుకుతుంది.

నాన్నగారికి మళ్లీ తాగాలనిపించిన రోజున డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి గానీ ఫోన్ చెయ్యండి, డబ్బులు తీసుకోరు, టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.