చంద్రుడి పేరా, దేవుడి పేరా?

ప్రశ్న: మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒకరు "అల్లా అంటే పూర్వం అరబ్బులు కొలిచిన చంద్రదేవుడే, అందుకే మసీదు మీద నెలవంక" అని పెట్టారు. గ్రూపులో ఉన్న నా ముస్లిం స్నేహితురాలు బాధపడి బయటికి వెళ్లిపోయింది. నేను క్రిస్టియన్‌ని. యెహోవా పేరు మీద కూడా ఇలాంటి మాటలే విన్నాను. అసలు నిజమేంటి?
– ఓ పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు మీ స్నేహితురాలికి ఫోన్ చేసి ఆ మెసేజ్ తప్పని చెప్పండి, తర్వాత ఇది చదవండి. చంద్రుణ్ణి అల్లా అని పిలిచిన పాత శాసనం ఒక్కటి కూడా దొరకలేదు. మెసొపొటేమియాలో కొలిచిన చంద్రదేవుడి పేరు సిన్, అల్లా కాదు. ఖురాన్ 41వ సూరా (అధ్యాయం) 37వ ఆయత్ (వాక్యం) అయితే సూర్యుడికీ చంద్రుడికీ సాష్టాంగపడొద్దని, వాటిని సృష్టించినవాడికే పడమని సూటిగా చెబుతుంది. నెలవంక ఇస్లాం గుర్తుగా పేరు పడింది ఒట్టోమన్ల కాలంలో, అంటే ప్రవక్త తర్వాత ఎన్నో వందల ఏళ్లకు. నెల చూసి రంజాన్ లెక్కపెట్టడం కాలం లెక్క మాత్రమే, మన తిథుల్లాగే.

మరి ఆ పేరు ఎక్కడిది? ఎక్కువమంది పండితుల మాట ప్రకారం 'అల్', 'ఇలాహ్' కలిసి అల్లా అయింది. ఇలాహ్ అంటే దేవుడు, ముందు 'అల్' చేరితే ఫలానా ఆ దేవుడు అని. సిరియా క్రైస్తవుల భాషలోని 'అలాహా' నుంచి వచ్చిందని ఇంకొందరు అంటారు. ఇది వేరే మాట నుంచి పుట్టిందా, మొదటి నుంచీ సొంత పేరేనా అని పాతకాలపు ముస్లిం వ్యాకరణ పండితులే వాదించుకున్నారు. ఒకటి మాత్రం ఖాయం, ఇస్లాంకు ముందు కూడా ఆ పేరుంది, ప్రవక్త తండ్రి పేరే అబ్దుల్లా, అంటే అల్లా దాసుడు. ఈ రోజుకీ అరబ్ క్రైస్తవుల బైబిల్లో దేవుడు అల్లాయే. ఈ సంగతి మీ గ్రూపులో పెట్టండి.

ఇక మీ బైబిల్. హీబ్రూలో 'ఏల్' అంటే దేవుడు. సమూయేలు, దానియేలు, ఇమ్మానుయేలు అన్న పేర్ల చివర ఉన్నది అదే, ముస్లింలు జిబ్రీల్ అనే గబ్రియేలు పేరులోనూ అదే. సిరియా తీరాన ఉగారిట్‌లో 1929 నుంచి బయటపడిన మట్టిపలకల్లో దేవతల పెద్ద పేరు కూడా ఏల్, అసలు గొడవంతా ఇక్కడే మొదలవుతుంది, కానీ దేవుడు అనే మాట పక్కపక్క భాషల్లో ఒకటే అయినంత మాత్రాన కొలిచే దేవుడూ ఒకటేనని అనలేం. మనం దేవుడు అన్నా దైవం అన్నా అంతే కదా.

యెహోవా కథ ఇంకా చిక్కు. హీబ్రూలో పూర్వం గుణింతాలు రాసేవారు కాదు, హల్లులే, ఆ పేరు నాలుగక్షరాలు. భక్తితో యూదులు దాన్ని పలకడం మానేసి, అది కనిపించిన చోట 'అదోనాయ్', అంటే ప్రభువు, అని చదివేవారు. తర్వాత హీబ్రూకు అచ్చుల గుర్తులు పెట్టిన పండితులు, ఇక్కడ అదోనాయ్ అని చదవాలని గుర్తుచేయడానికే అదోనాయ్ అచ్చుల్ని ఈ హల్లులకు చేర్చారు. యూరప్ క్రైస్తవులు రెండూ కలిపి చదివితే యెహోవా వచ్చింది. అసలు పలుకు 'యాహ్వే' అయ్యుంటుందని ఎక్కువమంది అంటారు. మీరు పాడే హల్లెలూయలో చివరి 'యా' ఆ పేరు ముక్కే! మరి యెహోవా అనడం తప్పా అంటే, నేనైతే కాదనే అంటాను, తరతరాలుగా తెలుగులో ఆ పేరుతోనే ప్రార్థన చేసుకున్నారు.

ఆ పేరు ఎంత పాతది? 1868లో జోర్డాన్‌లో బయటపడిన మోయాబు రాజు మేషా శాసనంలో ఉంది, అది క్రీ.పూ. 9వ శతాబ్దపుది, పైగా రాయించింది ఇశ్రాయేలు శత్రువు. అంతకు ముందు, క్రీ.పూ. 14వ శతాబ్దంలో, ఈజిప్టు ఫరో మూడో ఆమెన్‌హోటెప్ సూడాన్‌లోని సోలెబ్‌లో కట్టించిన గుడి మీద షాసు అనే సంచార జాతి వాళ్ల నేల పేరుగా అలాంటి మాటే కనిపిస్తుంది. అది దేవుడి పేరా, ఊరి పేరా అన్న వాదన ఇంకా తెగలేదు.

ప్రశ్న: హార్బర్ దగ్గర మూడు కొండల్లో దర్గా కొండ మీదున్న ఇషాక్ మదీనా బాబా పేరు కూడా యూదుల పేరేనా?
– ఓ పాఠకుడు, వన్ టౌన్

జవాబు: అవును. హీబ్రూలో యిట్స్‌హాక్, అరబ్బీలో ఇషాక్, తెలుగు బైబిల్లో ఇస్సాకు. 'నవ్వుతాడు' అని అర్థం. ముసలితనంలో బిడ్డ పుడతాడని విని ఇస్సాకు తల్లి శారా నవ్విందని ఆదికాండంలో ఉంది.