ఉన్న సర్జికల్ రోబోనే చిన్నగా చేస్తే మైక్రోసర్జరీకి సరిపోదా?

మెకానికల్ చదువుతున్నా, డావిన్చీ లాంటి, సర్జన్ చేత్తో నడిపే ఆపరేషన్ రోబో సైజు తగ్గిస్తే మైక్రోసర్జరీకి పనికిరాదా, ఇందులో కష్టం ఎక్కడుంది అని అడిగారు కదా. నేను ఒక ల్యాబ్‌లో మూడేళ్లు ఇదే పని చేశాను, చూసింది చెప్తాను.

ముందు కొలతలు. మైక్రోసర్జరీలో కలిపి కుట్టేది మిల్లీమీటరు అటూఇటూ ఉండే రక్తనాళాల్ని, ఒంట్లో లింఫ్ అనే ద్రవాన్ని మోసే లింఫ్ నాళాలైతే 0.3 నుంచి 0.8 మిల్లీమీటర్లే, దారం తలవెంట్రుక కంటే సన్నం. మనిషి చెయ్యేమో ఎంత అనుభవం ఉన్నా సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నగా వణుకుతూనే ఉంటుంది, అది భయం కాదు, ఒళ్లు పనిచేసే తీరే అంత.

వణుకు ఫ్రీక్వెన్సీ తెలుసు కాబట్టి చెయ్యికీ రోబోకీ మధ్య లోపాస్ ఫిల్టర్ (వేగంగా వచ్చే కదలికల్ని ఆపి నెమ్మదైనవాటినే పంపేది) పెడితే పనైపోతుందనుకున్నాను, గ్రాఫ్‌లో గీత చక్కగా నున్నగా వచ్చింది కూడా. తర్వాత ఒక ప్లాస్టిక్ సర్జన్ గారు వచ్చి మా రోబోతో సిలికాన్ ట్యూబ్ మీద రెండు కుట్లు వేసి ఆపేశారు. "నా చెయ్యి ఆగాక కూడా సూది కదుల్తోంది బాబూ" అన్నారు. ఫిల్టర్ బిగించేకొద్దీ లేటు పెరుగుతుంది, మైక్రోస్కోప్‌లో అన్నీ పెద్దగా చూసే మనిషికి ఆ కాస్త వెనకపడటం కూడా పెద్దగానే కనిపిస్తుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చివరికి ఫిల్టర్ తగ్గించి మోషన్ స్కేలింగ్ మీద ఆధారపడ్డాం, అంటే చెయ్యి 10 మిల్లీమీటర్లు జరిగితే రోబో పనిముట్టు కొన 1 మిల్లీమీటరే జరుగుతుంది, దాంతోపాటు వణుకూ పదో వంతే. ఇటలీ వాళ్ల సిమానీ రోబోలో ఇది 7 నుంచి 20 రెట్ల దాకా ఉంటుంది.

అసలు ఏడిపించింది మాత్రం రోబో పనిముట్టు కొన దగ్గర మణికట్టులా వంగే జాయింటు. సైజు తగ్గించినంత మాత్రాన రాపిడి అదే లెక్కలో తగ్గదు, మోటారు తిరుగుతుంది కానీ కొన కదలదు, ఇంకాస్త తిప్పితే ఒక్కసారిగా గెంతుతుంది, అర మిల్లీమీటరు నాళం దగ్గర ఆ గెంతు చాలు గోడ చిరగడానికి. మీరడిగిన కష్టం నా లెక్కలో ఇదే, ఎనిమిది నెలలు దీనికే పోయాయి.

రోబోతో చేస్తే చేతికి స్పర్శ తెలియదు కదా అని చాలామంది అంటారు, నాకు అది అంత పెద్ద అడ్డు అనిపించలేదు, ఎందుకంటే అంత సన్నటి దారం లాగే బలం మామూలుగా కూడా వేళ్లకి దాదాపు తెలియదు, నాళం గోడ ఎలా ముడుచుకుంటోందో కళ్లతో చూసే ముడి బిగిస్తారు.

ఇవి ల్యాబ్‌లోనే ఆగిపోలేదు. 2016లో ఆక్స్‌ఫర్డ్‌లో కంటి లోపల మిల్లీమీటరులో వందో వంతు మందం ఉన్న పొరని రోబోతో తీశారు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో మూసా రోబోతో రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత చెయ్యి వాచిన వాళ్లకి లింఫ్ నాళాల్ని సిరలకి కుట్టారు, చేత్తో కంటే టైం ఎక్కువే పట్టింది కానీ చేసేకొద్దీ తగ్గుతూ వచ్చింది. సిమానీకి 2024లో ఎఫ్‌డీఏ (అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని ఆమోదించే సంస్థ) అనుమతి వచ్చింది.

మీకు కుదిరితే కోడ్ మొదలుపెట్టే ముందే మైక్రోస్కోప్ కింద చేత్తో ఒక్క ముడి వేసి చూడండి, నేను రెండో ఏడాదిలో గానీ వెయ్యలేదు, వేశాకే ఆ సర్జన్ గారి మాట పూర్తిగా అర్థమైంది.