యుద్ధంలో సైన్యం తరఫు చిత్రకారులు కూలిన చర్చిల్నే పదేపదే ఎందుకు గీశారు?

మీరు అడిగినవి రెండు. ప్రపంచ యుద్ధాల నాటి స్కెచ్‌లు ఎక్కడ చూసినా ఒక కూలిన చర్చి కనబడుతుంది, ఎందుకు? ఫొటోలు తీసే వీలున్న కాలంలో ఇంకా పెన్సిలెందుకు? మతం, ప్రచారం అనే జవాబు ఎక్కడైనా దొరుకుతుంది, తప్పూ కాదు. కానీ నేను మన ఆర్మీలో, ఆర్టిలరీలో ఇరవై రెండేళ్లు చేసి హవల్దార్‌గా పెన్షన్ మీద వచ్చినవాణ్ని. మాది సికింద్రాబాద్. ఆ బొమ్మలు చూస్తే నాకు దేవుడి కంటే ముందు గురి గుర్తొస్తుంది. చర్చి శిఖరం అంటే ఫిరంగివాడికి గురి చూసుకునే గుర్తు.

ట్రైనింగ్‌లో మాకు పనోరమా స్కెచ్ అని ఒకటి నేర్పేవాళ్లు. గుట్ట మీద బోర్లా పడుకుని ఎదురుగా ఉన్న నేలంతా కాగితం మీదికి ఎక్కించాలి. ప్రొట్రాక్టర్‌కి దారం కట్టి, దాన్ని ముందుకి చాపి పట్టుకుని, దారం రెండో కొస పళ్ల మధ్య బిగబట్టాలి. కంటికీ స్కేలుకీ మధ్య దూరం మారకూడదని ఆ ఏర్పాటు. అడ్డం కొలతకి నిలువు కొలత రెట్టింపు వెయ్యాలి, లేకపోతే నేలలోని ఎత్తుపల్లాలన్నీ ఒక్క గీతలా చదునైపోతాయి. అన్నిటికన్నా ముందు, ఎవరు చూసినా పొరబడని వస్తువు ఒకటి పట్టుకోవాలి. దాన్ని రిఫరెన్స్ పాయింట్ అంటారు. దాని నెత్తి నుంచి కాగితం పైఅంచు దాకా నిలువు గీత లాగి పేరు, దిక్కు, దూరం రాయాలి. మిగతావన్నీ దానికి ఎడమకి ఇన్ని డిగ్రీలు, కుడికి ఇన్ని డిగ్రీలు. మాకైతే సాధారణంగా గుట్ట మీది గుడో, వాటర్ ట్యాంకో దొరికేది.

చిన్నప్పుడు సైన్‌బోర్డులు రాసే మేనమామ దగ్గర కుంచె పట్టినవాణ్ని కదా, మొదటి రోజు ఒక చింతచెట్టుకి ఆకు ఆకుకీ షేడింగ్ ఇచ్చాను. ఉస్తాద్ కాగితం తీసుకుని చాలాసేపు చూసి, "బహుత్ సుందర్. దుష్మన్ కహాఁ హై?" అన్నాడు. నా బొమ్మలో చెట్టుంది. శత్రువు లేడు.

ఇప్పుడు 1914లో బెల్జియంలోని ఈప్ర్ చుట్టుపక్కలకి రండి. నేల దాదాపు పళ్లెంలా ఉంటుంది. చిన్న దిబ్బని కూడా కొండ అనుకునే చోటు. నిలువుగా ఉండేది ఊరికొక చర్చి గోపురం ఒక్కటే. దానిమీద ఒక్కడు దూరదర్శిని పట్టుకుని కూర్చుంటే మైళ్ల దూరం కనబడుతుంది. అందుకే అవతలివాడు ముందు దాన్నే కొడతాడు. గుడి మీద కోపం కాదు, గుడి మీద నుంచి చూస్తున్న కన్ను మీద.

ఫ్రాన్స్‌లో సోమ్ నదికి దగ్గర్లో అల్బేర్ అనే ఊరుంది. అక్కడి చర్చి శిఖరం మీద బాలయేసుని చేతులతో పైకెత్తి పట్టుకున్న మరియమ్మ బంగారు పూత విగ్రహం ఉండేది. 1915 జనవరిలో జర్మన్ గుండు తగిలి విగ్రహం ముందుకి ఒరిగిపోయింది. పడలేదు. బిడ్డని వీధిలోకి జారవిడుస్తుందేమో అన్నట్టు మూడేళ్లకి పైగా అలాగే వేలాడింది. ఆ దారిన ముందుకి వెళ్లిన ప్రతి సైనికుడూ చూశాడు, గీయగలిగినవాడు గీశాడు, గీయలేనివాడు పోస్ట్‌కార్డు కొన్నాడు. అది పడిన రోజు యుద్ధం అయిపోతుందని ఒక నమ్మకం పుట్టింది. చివరికి పడగొట్టింది ఎవరనుకున్నారు? బ్రిటిష్ ఫిరంగులే. 1918 మార్చిలో ఊరు జర్మన్ల చేతికి పోయింది, ఆ గోపురం ఎక్కి వాళ్లు చూడకుండా ఏప్రిల్‌లో వీళ్లే కొట్టారు. ఆర్టిలరీవాడిగా నాకిందులో ఆశ్చర్యం లేదు. నేనున్నా అదే చేసేవాణ్ని. నవంబరులో యుద్ధం ఆగింది కాబట్టి నమ్మకం నిజమైందని చెప్పుకున్నవాళ్లకి లోటు ఉండి ఉండదు.

అన్నట్టు, ఆ ఊరికి కొద్ది మైళ్ల తూర్పున 1916 జులై 14 సాయంత్రం బల్లేలు పట్టుకుని గుర్రాల మీద దాడికి వెళ్లినవాళ్లలో 20వ దక్కన్ హార్స్ ఉంది. నిజాం రాజ్యంలో బ్రిటిష్ అధికారుల కింద ఉన్న హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం నుంచి పుట్టిన రెజిమెంటు. ఆ బ్రిగేడ్ పేరే సికింద్రాబాద్ బ్రిగేడ్. మా ఊళ్లో ఈ సంగతి అడిగితే చెప్పేవాళ్లు తక్కువ.

ఇక కెమెరా సంగతి. ఫ్రంట్‌లో సైనికులు సొంత కెమెరాలు ఉంచుకోకూడదని బ్రిటిష్ సైన్యం యుద్ధం మొదట్లోనే నిషేధించింది. దొంగచాటుగా తీసినవాళ్లు లేకపోలేదు. పెన్సిల్‌ని మాత్రం ఎవరూ ఆపలేదు, ఎందుకంటే అది సైన్యానికి కావలసిన పనిముట్టు. ఏడ్రియన్ హిల్ అనే కుర్రాణ్ని చూడండి. 1895లో పుట్టాడు. స్కౌటింగ్, స్నైపింగ్ విభాగంలో ఉంటూ, రెండు పక్షాల కందకాల మధ్య ఎవరిదీ కాని నేలలోకి పాక్కుంటూ వెళ్లి శత్రువు స్థావరాలు గీసుకొచ్చేవాడు. ఆ చేతినే తర్వాత ఇంపీరియల్ వార్ మ్యూజియం పిలిచి పని అప్పగించింది. 1917 నుంచి 1919 దాకా దాదాపు 180 బొమ్మలు, ఎక్కువగా ఇంకు, కలంతో. ఆయన గీతల్లో నాకు మా ఉస్తాద్ మాట వినబడుతుంది: వంకర గోడ వంకరగానే ఉంటుంది, అందం కోసం ఒక్క ఇటుకా జరగదు. తర్వాత క్షయ వచ్చి శానటోరియంలో పడుకున్నప్పుడు బొమ్మలే తనని నిలబెట్టాయని గ్రహించాడు. "ఆర్ట్ థెరపీ" అనే మాట ఆయన పెట్టిందే, 1942లో.

ప్రచారం కోణం కూడా ఉంది, దాటెయ్యను. శవాన్ని గీస్తే సెన్సార్ ఆపుతుంది. నెవిన్సన్ అనే చిత్రకారుడు ముళ్లతీగల ముందు పడిఉన్న ఇద్దరు బ్రిటిష్ సైనికుల శవాల్ని వేస్తే దాన్ని ప్రదర్శించొద్దన్నారు. కూలిన చర్చికి ఆ బెడద లేదు. చూసినవాడికి కడుపు రగులుతుంది, ఏ తల్లీ తన కొడుకు ముఖం అందులో వెతుక్కోదు. గీసేవాడికీ, గీయించేవాడికీ కుదిరిన బేరం అది.

బ్రిటన్ అధికారికంగా పంపిన మొదటి యుద్ధ చిత్రకారుడు మ్యూర్‌హెడ్ బోన్. 1916లో, నలభై ఏళ్ల వయసులో, గౌరవ సెకండ్ లెఫ్టినెంట్ హోదాతో సోమ్ యుద్ధరంగానికి వెళ్లాడు. ఇరవై నాలుగేళ్లు గడిచాయి. 1940 డిసెంబరు 29 రాత్రి లండన్ నడిబొడ్డు తగలబడింది, ఫ్లీట్ స్ట్రీట్‌లోని సెయింట్ బ్రైడ్స్ చర్చి లోపలంతా కాలిపోయి గోడలూ, అంతస్తులంతస్తుల గోపురమూ మిగిలాయి. దాన్ని గీయడానికి మళ్లీ ఆయనే కూర్చున్నాడు. అప్పటికి అరవై నాలుగు.

ఇదంతా పుస్తకజ్ఞానం. అనుభవంలోకి వచ్చింది కోవెంట్రీలో. మా అమ్మాయి ఇంగ్లండులో ఉంటుంది, మొన్న వేసవిలో వెళ్లినప్పుడు తీసుకెళ్లింది. 1940 నవంబరు 14 రాత్రి బాంబుల్లో కాలిన కెథీడ్రల్‌ని అలాగే వదిలేసి, పక్కన కొత్తది కట్టారు. పైకప్పు లేదు. ఎర్రటి ఇసుకరాయి గోడలు, అద్దాలు లేని పెద్ద పెద్ద కిటికీలు, ఒక చివర చెక్కుచెదరని గోపురం. దాడి మర్నాడే అక్కడికి జాన్ పైపర్ వచ్చాడు. ఆయన సైనికుడు కాదు, ప్రభుత్వ యుద్ధ చిత్రకారుల కమిటీ పంపిన మనిషి. తొమ్మిది రోజులకి బ్రిస్టల్ మీద బాంబులు పడితే అక్కడి చర్చిలూ వేశాడు. కోవెంట్రీ బొమ్మలో ఎరుపు, నారింజ రంగులు చూస్తే రాళ్లు ఇంకా చల్లారలేదనిపిస్తుంది. 1962లో తెరిచిన కొత్త కెథీడ్రల్‌లో జ్ఞానస్నానం చోట ఉన్న పెద్ద రంగుటద్దాల కిటికీకి రూపం ఇచ్చిందీ ఈయనే.

నేనూ ఒక బెంచీ మీద కూర్చుని పుస్తకం తెరిచాను. అరగంటలో తెలిసింది కష్టం. నిలబడి ఉన్న చర్చిని గీయడం సుళువు: ఎడమవైపు చూస్తే కుడివైపు తెలిసిపోతుంది, ఒక కిటికీ చూస్తే పది కిటికీలు వేసెయ్యొచ్చు. కూలినదానికి ఆ వెసులుబాటు లేదు. ఒక కమాను సగంలో తెగింది, పక్కది ఇంకోచోట. తర్వాతి రాయి ఎక్కడుంటుందో ఊహకి అందదు, ప్రతి అంగుళానికీ తలెత్తి చూడాల్సిందే. కిటికీ చువ్వల రాళ్లు ఎంతకీ కుదరక, చివరికి రాయి వదిలేసి వాటి మధ్య ఆకాశం ముక్కల ఆకారాలు గీశాను. అప్పుడు రాళ్లు వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. ఫొటో అయితే సెకనులో అయ్యేది, నేను మూడు గంటలు కూర్చున్నా. మీ రెండో ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఆ మూడు గంటలే.

మధ్యలో అమ్మాయి టీ తెచ్చి, "నాన్నా, ఇక్కడ మీ ఆర్మీవాళ్లు కొట్టినవి కూడా ఇలా ఉంచారా?" అంది. ఇటలీలో మోంటే కాసినో మఠం గురించి చెప్పాను. 1944 ఫిబ్రవరి 15న మిత్రపక్షాల విమానాలు దాన్ని నేలమట్టం చేశాయి. కొట్టమని అడిగింది 4వ ఇండియన్ డివిజన్ జనరల్. అప్పుడు లోపల జర్మన్ సైనికులు లేరు, కూలాక ఆ రాళ్లలోకి వచ్చి దాక్కున్నారు. యుద్ధమయ్యాక మఠాన్ని మునుపటిలాగే తిరిగి కట్టారు. అమ్మాయి ఇంకేమీ అడగలేదు.

ఇంటికొచ్చాక స్కెచ్ మా ఆవిడకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని పరకాయించి, "బాగానే ఉంది గానీ, గోపురం మీద ఈ గీతేంటి, పక్కన ఈ అంకెలేంటి?" అంది. చూసుకుంటే, శిఖరం నుంచి కాగితం పైఅంచు దాకా నిలువు గీత లాగి, దిక్కు, దూరం రాసేసి ఉన్నాను.