ఉద్యోగం మానకుండా చదవదగ్గ ఫైనాన్స్ కోర్సు ఏది?

ప్రశ్న: బీకాం 62 శాతం మార్కులతో పూర్తిచేసి, గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి కంపెనీలో రెండేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. నాన్నగారు రిటైరయ్యారు, తమ్ముడు చదువుకుంటున్నాడు కనుక ఉద్యోగం మానలేను. ఈ ప్రాంతం వదిలి వెళ్లే ఆలోచన కూడా లేదు. బాబాయి సీఏ చేయమంటున్నారు. విజయవాడలోని ఒక కోచింగ్ సెంటర్ వారు అమెరికా సీఎంఏ చేస్తే పెద్ద జీతం వస్తుందంటున్నారు. స్నేహితురాలు సీఎఫ్ఏలో చేరింది. ఆఫీసులో ఒకరు ఎన్ఐఎస్ఎం పరీక్షలు రాస్తే చాలంటున్నారు. నేను ఏది చదవాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీకు సలహా ఇచ్చిన నలుగురూ నాలుగు వేర్వేరు వృత్తుల గురించి మాట్లాడుతున్నారు. అందుచేత కోర్సుల పేర్లు కాసేపు పక్కన పెట్టి, ఆ సర్టిఫికెట్ లేనివారు చేయడానికి వీల్లేని ఏ పని దానివల్ల మీకు సాధ్యమవుతుందో, ఆ పని మీరు ఉండదలచిన ఊళ్లో దొరుకుతుందో లేదో ముందుగా చూడండి.

ఈ లెక్కన సీఏకు సాటి లేదు. కంపెనీల చట్టం ప్రకారం కంపెనీ ఖాతాలను ఆడిట్ చేసి సంతకం పెట్టే అధికారం చార్టర్డ్ అకౌంటెంట్లకే ఉంది. కామర్స్ డిగ్రీలో 55 శాతం వచ్చినవారు ఫౌండేషన్ అనే తొలి దశ రాయకుండా నేరుగా సీఏలో రెండో దశ అయిన ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు కనుక మీకు అర్హత ఉంది. ఆ పరీక్షకు ఉద్యోగం చేసుకుంటూ కూడా చదవవచ్చు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఇంటర్ రెండు గ్రూపులూ పాసయ్యాక ఆడిటర్ దగ్గర ఆర్టికల్‌షిప్ అనే ప్రాక్టికల్ శిక్షణ పొందాలి. 2023లో దాన్ని మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించిన మాట నిజమే గానీ, ఆ రెండేళ్లూ మీ జీతం ఆగిపోయి స్టైపెండ్‌తోనే సరిపెట్టుకోవాలి. సీఏ ఖర్చంటే చాలామంది ఫీజులే లెక్కవేస్తారు. ఇంటి బాధ్యత మోస్తున్న మీకు అసలు ఖర్చు ఆ రెండేళ్ల జీతమే. తమ్ముడు సంపాదనలో పడేదాకా అది మీకు భారమవుతుందని నా అభిప్రాయం.

పెట్టుబడుల విశ్లేషణ నేర్పే సీఎఫ్ఏ మంచి చదువు, కష్టమైన చదువు. మూడు లెవెల్స్ పాసవడంతో పాటు కనీసం 36 నెలల వ్యవధిలో 4,000 గంటల సంబంధిత ఉద్యోగానుభవం ఉంటేనే చార్టర్ అనే పట్టా ఇస్తారు. ఫీజులు డాలర్లలో ఉంటాయి. షేర్లు, బాండ్ల విలువ కట్టే ఆ ఉద్యోగాలు ఎక్కువగా ముంబయి, బెంగళూరు వంటి నగరాల్లో ఉన్నాయి కనుక, ఊరు వదలనన్న మీకు దాన్ని సూచించలేను.

ఎన్ఐఎస్ఎం స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ. మ్యూచువల్ ఫండ్లు విక్రయించదలచినవారు దాని పరీక్ష పాసై, మ్యూచువల్ ఫండ్ కంపెనీల సంఘం యాంఫీ వద్ద నమోదు కావాలి. సర్టిఫికెట్ గడువు మూడేళ్లు. ఆ పని చేసే ఉద్దేశం ఉంటే తప్పక రాయండి. లేనిపక్షంలో అకౌంట్స్‌లో మీ స్థాయి దానితో పెరగదు.

ఇక సీఎంఏ, అంటే సంస్థ ఖర్చుల లెక్కలు, వాటి నిర్వహణ నేర్పే చదువు. ఈ పేరుతో రెండు కోర్సులున్నాయని కోచింగ్ సెంటర్ వారు మీకు చెప్పారో లేదో! అమెరికా సీఎంఏ రెండు పరీక్షలతో ముగుస్తుంది, బహుళజాతి సంస్థల్లో గుర్తింపు ఉంది. కానీ మన దేశంలో ఏ పత్రం మీదా సంతకం చేసే హక్కునివ్వదు. మన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కాస్ట్ అకౌంటెంట్స్ ఇచ్చే సీఎంఏ 1959 నాటి చట్టం కింద నడిచేది. కాస్ట్ ఆడిట్, అంటే కంపెనీ ఉత్పత్తి ఖర్చుల లెక్కల తనిఖీ, చేసే అధికారం దానితో వస్తుంది. డిగ్రీ ఉన్నవారు నేరుగా ఇందులోని రెండో దశ ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు.

మీకు నేను దీన్నే సూచిస్తాను, కారణం మీ కంపెనీలోనే ఉంది. తేజ రకం మిర్చి ఒక లాటు యార్డులో కొన్న ధరకూ, కంటైనర్‌లోకి ఎక్కేసరికి పడిన ధరకూ మధ్య ఏముందో మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. కమీషన్, హమాలీ, తాలు కాయలు ఏరివేసినందుకు, తొడిమలు తీసినందుకు కూలీ, తేమ ఆరిపోవడం వల్ల వచ్చే తరుగు, కోల్డ్ స్టోరేజీ అద్దె, సరుకు అక్కడ ఉన్నన్నాళ్లూ దాని మీద తెచ్చిన బ్యాంకు అప్పుకు వడ్డీ, ప్యాకింగ్, రేవు దాకా లారీ కిరాయి. ఇప్పుడు వీటిని వోచర్లుగా ఎంట్రీ చేస్తున్నారు. ఇవన్నీ కిలో మీద ఎంత పడ్డాయో, తొడిమ తీసిన కాయ అమ్మితే లాభమా, తొడిమతోనే అమ్మితే లాభమా అని యజమాని అడిగినప్పుడు లెక్కతో చెప్పగలిగిన వ్యక్తి వెంటనే వేరుగా కనిపిస్తారు. కాస్టింగ్ నేర్పేది అదే.

ఇంటర్‌లో ఎనిమిది పేపర్లు, గ్రూపుకు నాలుగు. ఒక్కో పేపర్‌లో 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. రెండు గ్రూపులూ ఒకేసారి రాయవలసిన అవసరం లేదు కనుక, ఉద్యోగంతో పాటు మొదటి గ్రూపుతో ఆరంభించండి. జూన్ పరీక్షకు జనవరి 31లోపు, డిసెంబరు పరీక్షకు జులై 31లోపు పేరు నమోదు చేసుకోవాలి. చేరే ముందు, మీ కంపెనీలో చేస్తున్న పనిని కోర్సుకు అవసరమైన ప్రాక్టికల్ శిక్షణ కింద పరిగణిస్తారో లేదో ఇన్‌స్టిట్యూట్‌ను లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోండి.