అమెరికా కంపెనీ పేటెంటు నోటీసు పంపితే డబ్బు కట్టాలా?

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది హన్మకొండ. ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తిదారుల కోసం నేను, నా స్నేహితుడు కలిసి ఒక యాప్ తయారు చేశాము. ఎలక్ట్రానిక్ కాంటా మీద బస్తా పెట్టగానే తూకం యాప్‌లోకి వస్తుంది, తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే అమ్మకం చీటీ) తయారవుతుంది, రైతు ఫోన్‌కు సందేశం వెళుతుంది. డల్లాస్‌లో కిరాణా దుకాణం నడిపే మా బావ కూడా నెలనెలా చందా కట్టి దీన్ని వాడుతున్నాడు. కాంటా నుంచి వచ్చిన తూకాన్ని సర్వర్‌కు పంపి బిల్లు చేసే పద్ధతిపై తమకు అమెరికా పేటెంటు ఉందని, 21 రోజుల్లో 15 వేల డాలర్లు కట్టకపోతే దావా వేస్తామని అక్కడి ఒక కంపెనీ ఈమెయిల్‌లో నోటీసు పంపింది. ఆ కంపెనీ ఏ యాప్‌నూ తయారు చేసినట్టు కనబడలేదు. మేము ఎవరి కోడునూ కాపీ చేయలేదు. డబ్బు కట్టాలా?

సమాధానం: కట్టవద్దు. అలాగని ఆ నోటీసును పక్కన పడేయవద్దు కూడా. గడువు లోపల మీరు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

పేటెంటు హక్కు దాన్ని ఇచ్చిన దేశపు పొలిమేర దాటదు. అమెరికా పేటెంటును చూపి ఎనుమాముల యార్డులో జరిగే తూకాన్ని ఆపమని అడిగే అధికారం ఎవరికీ లేదు. అందుకు మన పేటెంట్ల చట్టం, 1970 కింద ఇక్కడ మంజూరైన పేటెంటు ఉండాలి. అమెరికాలో మొదట దరఖాస్తు చేసినవారు అదే ఆవిష్కరణకు భారతదేశంలో హక్కు కోరాలంటే నేరుగా అయితే 12 నెలల్లో, అంతర్జాతీయ దరఖాస్తు ద్వారా అయితే 31 నెలల్లో ఇక్కడికి రావాలి. నోటీసులోని పేటెంటు ఎప్పుడో ప్రచురితమై, ఆ గడువులు దాటిపోయి ఉంటే, ఇప్పుడు కొత్తగా ఇక్కడ దరఖాస్తు పెట్టినా దాని సొంత ప్రచురణే దానికి అడ్డు వస్తుంది. కాబట్టి ముందుగా భారత పేటెంటు కార్యాలయపు వెబ్‌సైట్‌లో ఆ కంపెనీ పేరుతోనూ, ఆవిష్కర్తల పేర్లతోనూ వెతకండి; అందుకు రుసుము లేదు. ఏదైనా దొరికితే అది మంజూరైందా, మూడో సంవత్సరం నుంచి కట్టవలసిన వార్షిక రుసుములు కడుతున్నారా, దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ల కాలపరిమితి ఇంకా మిగిలి ఉందా అన్నవి చూడండి.

దొరికినా భయపడవలసిన పని లేదు. మన చట్టంలోని సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, అల్గారిథమ్, కంప్యూటర్ ప్రోగ్రామ్ తనంత తానుగా ఆవిష్కరణ అనిపించుకోవు. ఈ నిబంధన 2002 సవరణతో వచ్చింది. 2004 డిసెంబరులో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, పరిశ్రమలో సాంకేతికంగా వాడే ప్రోగ్రాములకూ, హార్డ్‌వేర్‌తో కలిసిన ప్రోగ్రాములకూ తలుపు తెరవబోతే, 2005లో పార్లమెంటు ఆ మార్పును ఒప్పుకోక పాత మాటలనే నిలిపింది. మీలాంటి చిన్న తయారీదారులకు ఈ రోజున ఉన్న రక్షణలో పెద్ద భాగం ఆ నిర్ణయం వల్ల దక్కిందేనని నేను నమ్ముతాను. అయితే భారతదేశంలో సాఫ్ట్‌వేర్‌కు పేటెంట్లే లేవని చాలామంది అనుకునేది సరికాదు. ‘తనంత తానుగా’ అన్న మాట మీద వాదం నడుస్తూనే ఉంది. ఆవిష్కరణ వల్ల సాంకేతిక ప్రభావం కలిగితే కేవలం ప్రోగ్రామ్ ఉందన్న కారణంతో తోసిపుచ్చకూడదని ఢిల్లీ హైకోర్టు 2019లో ఫెరీద్ అల్లానీ కేసులో చెప్పింది.

కోడు కాపీ చేయలేదన్న మీ మాట కాపీరైటు విషయంలో పూర్తి సమాధానం. పేటెంటుకు అది చాలదు, ఎందుకంటే సొంతంగా ఆలోచించి చేసినా ఆ ఆలోచన మరొకరి పేటెంటులో ఉంటే ఉల్లంఘనే అవుతుంది. అందుకే పేటెంటు పత్రం చివర అంకెలు వేసి ఉండే క్లెయిములను మీరు స్వయంగా, మాట మాటా చదవాలి. శీర్షిక ఎంత విశాలంగా ఉన్నా, బొమ్మలు మీ యాప్‌లాగే కనిపించినా హక్కు ఆ క్లెయిములలో రాసినంత వరకే. ఒక క్లెయిములో అయిదు అంగాలు ఉంటే ఆ అయిదూ మీ యాప్‌లో ఉంటేనే ఉల్లంఘన అవుతుంది. ఉదాహరణకు, కాంటా తనంత తానుగా సరుకును గుర్తుపట్టి ధర నిర్ణయించాలని ఆ క్లెయిములో ఉంటే, యార్డులో ధర వేలంలో తేలుతుంది, మీ యాప్ దాన్ని నమోదు మాత్రమే చేస్తుంది. సాధారణంగా అక్కడితో వాదం ముగుస్తుంది. క్లెయిములను ఒక కాగితం మీద ఎడమవైపు రాసి, ఒక్కోదాని ఎదుట మీ యాప్ ఏం చేస్తుందో కుడివైపు రాయండి. ఆ పేటెంటు దరఖాస్తు తేదీకి ముందే అమ్మకంలో ఉన్న కాంటాల మాన్యువళ్లు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పత్రాలు సేకరించండి. పేటెంటు మంజూరు కావడం దాని చెల్లుబాటుకు హామీ కాదని మన చట్టంలోని సెక్షన్ 13(4) చెబుతున్నది. రద్దుకు పనికివచ్చే ప్రతి కారణాన్నీ దావాలో జవాబుగా చెప్పుకొనే వీలు సెక్షన్ 107 ఇస్తున్నది.

ఏ వస్తువూ తయారు చేయకుండా, పేటెంట్లు కొని పెట్టుకొని, పని చేసే వారి మీద నోటీసులు వేసి బతికే ఇలాంటి సంస్థలను అమెరికాలో పేటెంట్ ట్రోల్ అంటారు. వారి బలమంతా అక్కడి దావా ఖర్చులో ఉంది. పోరాడడం కన్నా కట్టేయడం చవక అనిపించే అంకెను చూసి మరీ అడుగుతారు. స్కాన్ చేసిన కాగితాన్ని ఈమెయిల్‌లో పంపడం తమ పేటెంటు అంటూ ఒక సంస్థ 16 వేలకు పైగా చిన్న వ్యాపారాలకు ఉత్తరాలు పంపింది. 2013లో వెర్మాంట్ రాష్ట్రం దానిపై కేసు వేసింది, దావా వేసే ఉద్దేశమే లేకుండా బెదిరించారని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. మన దేశానికీ ఈ బాధ కొత్త కాదు. రెండు సిమ్‌ల ఫోన్లపై ఒక వ్యక్తి పొందిన పేటెంటుతో దిగుమతిదారుల సరుకు కస్టమ్స్ దగ్గర చిక్కుకుపోయింది. 2012లో మేధోసంపత్తి అప్పీలు బోర్డు ఆ పేటెంటును రద్దు చేసేదాకా వ్యాపారులు నలిగిపోయారు. రాత్రింబవళ్లు కూర్చొని యాప్ కట్టిన పిల్లలు ఒక్క ఈమెయిల్‌కు బెదిరి అప్పు తెచ్చి కట్టడం నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది.

మీ విషయంలో నిజంగా జాగ్రత్త పడవలసిన చోటు డల్లాస్. అక్కడి వాడకం అమెరికా చట్టం కిందికి వస్తుంది, అమ్మిన మీతో పాటు వాడిన మీ బావ మీద కూడా దావా వేయవచ్చు. అక్కడి కంపెనీలపై ఎక్కడపడితే అక్కడ దావా వేయకుండా 2017లో వారి సుప్రీంకోర్టు కట్టడి చేసింది గాని, విదేశీ ప్రతివాదులకు ఆ రక్షణ లేదు. మరోవైపు, అందరికీ తెలిసిన ఆలోచనను మామూలు కంప్యూటర్ మీద నడిపినంత మాత్రాన పేటెంటు రాదని అదే కోర్టు 2014లో ఆలిస్ కేసులో తీర్పు ఇచ్చింది. తూకం చూసి బిల్లు వేయడం ఆ పరీక్షకు నిలబడడం కష్టమని నా అభిప్రాయం. మీరు హాజరు కాకపోవడంతో అక్కడ తీర్పు వచ్చినా, మన సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఎ కింద అమెరికాను పరస్పర దేశంగా (ఒకరి కోర్టు తీర్పును మరొకరు నేరుగా అమలు చేసే దేశంగా) గుర్తించలేదు కనుక దాన్ని నేరుగా ఇక్కడ అమలు చేయించలేరు. ఆ తీర్పు ఆధారంగా ఇక్కడ మళ్లీ దావా వేయాలి, గుణదోషాలు చూడకుండా ఇచ్చిన తీర్పు అయితే అదే కోడ్‌లోని సెక్షన్ 13 మీకు తోడుంటుంది. అయినా యాప్ స్టోరుకు ఫిర్యాదు చేసి మీ యాప్‌ను తొలగింపజేసే ప్రయత్నం వారు చేయవచ్చు. అందువల్ల అక్కడి న్యాయవాది ఒకరిని కలిసేదాకా డల్లాస్ ఖాతాలో కాంటా తూకంతో బిల్లు చేసే ఆ ఒక్క సదుపాయాన్ని నిలిపివేసి, సంగతంతా మీ బావకు ఇప్పుడే చెప్పండి.

నోటీసుకు జవాబు న్యాయవాది చేతనే, క్లుప్తంగా ఇప్పించండి: ఏ భారత పేటెంటుపై ఆధారపడుతున్నారు, ఏ క్లెయిము, మా యాప్‌లోని ఏ భాగం, పేటెంటు ప్రస్తుతం ఎవరి పేరున ఉంది. తగ్గించి తీసుకోమని గాని, తెలియక చేశామని గాని ఒక్క మాట కూడా రాయవద్దు. వారు భారత పేటెంటు నంబరు చెప్పి ఆధారం లేకుండా బెదిరిస్తే, పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 106 కింద మీరే ముందుగా జిల్లా కోర్టుకు తగ్గని కోర్టులో దావా వేసి, బెదిరింపులు ఆపమని ఉత్తర్వునూ నష్టపరిహారాన్నీ కోరవచ్చు. పేటెంటు ఉందని ఊరికే తెలియజేయడం మాత్రం బెదిరింపు కిందికి రాదు. పేటెంటు సంగతి తెలియదన్న కారణంతో నష్టపరిహారం తప్పించే సెక్షన్ 111 రక్షణ, అలాంటి నంబరు మీ చేతికి అందిన రోజు నుంచి బలహీనపడుతుంది.

ఆ ఈమెయిల్‌ను చెరిపివేయకుండా ఉంచి, యాప్ మొదటి రోజు నుంచి తేదీలతో ఉన్న కోడు ప్రతులు, మొదటి అడ్తిదారుకు ఇచ్చిన రసీదు, కాంటా తయారీదారు ఇచ్చిన మాన్యువల్ తీసుకొని 21 రోజులలో మొదటి వారంలోనే మీ న్యాయవాదిని కలవండి.