ముందు గ్లాసు గియ్యి

అమ్మలూ,

బొమ్మలు బాగా వేయాలంటే ఏం చూడాలో చెప్పమన్నావు. నువ్వు పంపిన లిస్టు చూశాను. 40 యూట్యూబ్ ఛానళ్లున్నాయి. వాటిలో ఒక్కదాన్నయినా చివరిదాకా చూస్తూ గీశావా? నాకు నమ్మకం లేదు.

ముందు వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టుకో. మెరుపులు పట్టించుకోకు. మూతి కోలగా బాగానే వేస్తావు. అడుగు దగ్గరికొచ్చేసరికి స్కేలు పెట్టినట్టు తిన్నగా గీసేస్తావు, గ్లాసు బల్ల మీద నిలబడి ఉందని నీకు తెలుసు కాబట్టి. కానీ కంటికి కిందికి వెళ్లేకొద్దీ ఆ కోల విచ్చుకుంటుంది. అడుగు వంపు మూతి వంపు కన్నా కాస్త ఎక్కువే ఉండాలి. 30 ఏళ్లు డ్రాయింగు మాస్టారుగా చేశాను, ఈ తప్పు చెయ్యని పిల్లలు నాకు తగల్లేదు. ఇది పట్టుబడితే కుండ, ఏనుగు కాలు, మనిషి మెడ అన్నీ దారికొస్తాయి.

తర్వాత పాత చందమామలు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్లు దొరుకుతాయి. అందులో శంకర్ గారు గీసిన, శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుణ్ణి చూడు. ఆ బరువంతా ఏ కాలి మీద పడుతోందో చూసి, అదొక్కటే నాలుగు గీతల్లో పట్టు. గళ్లు కొట్టి మాత్రం దింపకు. కుర్రతనంలో నేను చందమామకి వపా (వడ్డాది పాపయ్య) గారు వేసిన ముఖచిత్రాలు అలాగే గడికి గడి దింపేవాణ్ణి. అచ్చు గుద్దినట్టు వచ్చేవి, ఊళ్లో పేరు కూడా వచ్చింది. ఒకరోజు మా అమ్మ బియ్యం ఏరుతుంటే గీద్దామని కూర్చున్నాను. చేట వచ్చింది, చేతులు రాలేదు. అమ్మ మీద గళ్లు లేవుగా!

పరాయి దేశపు పాఠాల్లో చార్లెస్ బార్గ్ అచ్చు బొమ్మలు చాలు. 1866–71 మధ్య ఫ్రాన్సులో వేసినవి, నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి. తిన్నని గీతలతో పెద్ద ఆకారం పట్టాకే వంపులు తిప్పడం అందులో నేర్పుతారు. వాన్ గో అంతటివాడు వాటిని మళ్లీ మళ్లీ గీశాడు.

వీడియోల సంగతంటావా, గంట పనిని నిమిషంలో పరుగెత్తించేవి కాలక్షేపానికి పనికొస్తాయి. చెయ్యి కనబడుతూ, గీత ఎక్కడ తప్పిందో చెప్పి దిద్దేవాడు దొరికితే ఆయన్ని వదలకు.

హెచ్‌బీ, 2బీ, 6బీ పెన్సిళ్లు, ఒక జిరాక్సు కాగితాల కట్ట కొనుక్కో. పెన్సిల్ బ్లేడుతో చెక్కు, ములుకు పొడుగ్గా వస్తే పక్కవాటుగా షేడింగు వెయ్యొచ్చు. బొగ్గుకి డబ్బులు తగలెయ్యకు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు చింతపుల్లలు కాల్చిన బొగ్గుతోనే గుడ్డ మీద తొలి గీత గీస్తారు.

సెలవులకి రాజమండ్రి రా. చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి తీసుకెళ్తాను. 1925లో పోయేనాటికి ఆయనకి 30 ఏళ్లయినా నిండలేదు. ఫోన్లో చూసిన బొమ్మ వేరు, గోడ మీద ఎదురుగా ఉన్న బొమ్మ వేరు.

ఈలోగా రోజుకో గ్లాసు గీసి, తేదీ వేసి ఫొటో పంపు. కుదరనివి చించెయ్యకు, ముందు అవే చూస్తాను. రబ్బరు మాత్రం నాన్నకి ఇచ్చేసి దాచమను.

బాబాయి