12 గుంటలు, ఒక డీజిల్ బిల్లు

మీరు అడిగినది ఇది: "నాయకుల్లో నిజాయితీ లేదు. చట్టాలు మాత్రం లెక్కకు మించి పుట్టుకొస్తున్నాయి. ఐదేళ్లకొకసారి ఓటు వేయడం తప్ప మామూలు మనిషి చేతిలో ఏముంది?"

వరంగల్ జిల్లాలోని ఒక మండల కేంద్రంలో, తహసీల్దారు కార్యాలయానికి ఎదురుగా నాకు జిరాక్సు దుకాణం ఉంది. 19 ఏళ్లుగా అక్కడ కూర్చుని జనానికి దరఖాస్తులు రాసిపెడుతున్నాను. చట్టం మనిషి దాకా ఎలా వస్తుందో నేను చూసేది ఆ బల్ల దగ్గరి నుంచే. నా దగ్గరకు వచ్చేవారిలో ఎవరూ చట్టం పేరు చెప్పరు. "ఇప్పుడు ఏ కాగితం కావాలట?" అని అడుగుతారు. ఆ 'అట'ను వినీ వినీ నాకొక సంగతి అర్థమైంది. తమ భూమికి, తమ పింఛనుకు సంబంధించిన నియమం తమకు తెలియదని, తెలిసినవాడు మరెవడో ఉన్నాడని వాళ్లు ముందే ఒప్పుకుని వస్తున్నారు.

మా అమ్మ సంగతే చెబుతాను. ఆమె పేరు మీద 2 ఎకరాల 10 గుంటల భూమి ఉంది (ఎకరానికి 40 గుంటలు). 2017 సెప్టెంబరులో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన తర్వాత, 2018 మే నెలలో రైతుబంధు చెక్కుతో పాటు కొత్త పాసు పుస్తకం వచ్చింది. అందులో 1 ఎకరం 38 గుంటలే ఉంది. 12 గుంటలు తగ్గాయి. పొలం గట్టు కదలలేదు, పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, విస్తీర్ణం సరిగానే ఉంది, కొత్త పుస్తకంలోనే తప్పు పడింది. అప్పటికి 1971 నాటి హక్కుల రికార్డు చట్టం అమల్లో ఉంది. దాని ప్రకారం దరఖాస్తు ఇచ్చాం. విచారణ ఒక కొలిక్కి రాకముందే 2020లో ఆ చట్టం రద్దయి కొత్త చట్టం, భూరికార్డుల కోసం ధరణి పోర్టల్ వచ్చాయి. తహసీల్దార్ల దగ్గర ఉన్న రెవెన్యూ కోర్టులు పోయాయి. తప్పు రాసిన కార్యాలయానికే ఆ తప్పును దిద్దే అధికారం లేకుండా పోయింది. తర్వాత పోర్టల్‌లో ఒక్కొక్క రకం సమస్యకు ఒక్కొక్క మాడ్యూల్ చొప్పున చేర్చుకుంటూ పోయి, వాటిని 33 దాకా తెచ్చారు. రోజూ దరఖాస్తులు రాసే నాకే ఏ సమస్య ఏ మాడ్యూల్ కిందకు వస్తుందో తేల్చుకోవడం కష్టమయ్యేది. మాడ్యూల్ మారితే దరఖాస్తు తిరస్కరణకు గురయ్యేది. అమ్మ దరఖాస్తు రెండుసార్లు అలాగే తిరిగి వచ్చింది.

2021లో మా అన్నయ్య విసిగిపోయి ఒక నాయకుడి ఇంటికి వెళ్లాడు. ఆయన డబ్బు అడగలేదు. "అమ్మ పని నా పని" అని మా ముందే ఎవరికో ఫోను చేశాడు, టీ ఇచ్చి పంపాడు. పని కాలేదు. అయినా రెండేళ్ల తర్వాత ఎన్నికలు వచ్చినప్పుడు అన్నయ్య, "మన కోసం ఫోను చేసిన మనిషి, మాట పోగొట్టుకోవద్దు" అన్నాడు. మా ఇంటి ఐదు ఓట్లూ ఆ నాయకుడు చెప్పిన వైపే పడ్డాయి. నేనూ అటే వేశాను. దానికి నా మనసు ఇప్పటికీ ఒప్పుకోదు. పని జరగకపోయినా బాకీ మాత్రం మా మీద మిగిలిపోయింది.

2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. ఐదేళ్లు తిరగకుండానే ఆ భూమికే మరో చట్టం. ఆ జూన్ నెలలో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టారు. అమ్మ స్వయంగా వెళ్లి, పాత పహాణీ నకలు జతచేసి దరఖాస్తు ఇచ్చింది. ఈసారి విచారణకు మనిషి వచ్చాడు, పొలం చూశాడు, 12 గుంటలు తిరిగి ఎక్కాయి. ఏడేళ్లు పట్టింది. ఎవరి సిఫారసూ లేదు.

నాయకుల నిజాయితీ అనీ, చట్టాల సంఖ్య అనీ మీరు రెండు ఫిర్యాదులు రాశారు. నా దృష్టిలో అవి ఒకే ఫిర్యాదు. నియమం మనిషికి అందనంత చిక్కుగా ఉన్నప్పుడు, లేదా అతను నేర్చుకునేలోపే మారిపోతున్నప్పుడు, మధ్యలో నిలబడే వ్యక్తికి విలువ పెరుగుతుంది. తన హక్కుగా రావలసినది ఒకరి దయగా వచ్చినట్టు అనిపిస్తుంది. దయ పొందినవాడు లెక్క అడగలేడు. కేంద్రం కాలం చెల్లిన 1,500కు పైగా చట్టాలను రద్దు చేసింది. 2023లో జన్ విశ్వాస్ చట్టంతో 42 చట్టాల్లోని 183 నిబంధనల్లో జైలు శిక్షలను తీసేయడమో, శిక్షలను జరిమానాలుగా మార్చడమో చేసింది. మంచిదే. కానీ అమ్మ పాసు పుస్తకానికి వాటితో సంబంధం లేదు. మనల్ని కష్టపెట్టేవి ఎక్కువగా కింది స్థాయి నిబంధనలు, ఉత్తర్వులు, పోర్టల్‌లోని గడులు.

ఇక మామూలు మనిషి చేతిలో ఏముంది అన్న ప్రశ్నకు వస్తాను. దీని గురించి చెప్పడానికి నా దగ్గర ఒక డీజిల్ బిల్లు ఉంది.

2018 పంచాయతీరాజ్ చట్టం గ్రామసభ కనీసం రెండు నెలలకు ఒకసారి జరగాలంటుంది. మా ఊళ్లో జరిగినట్టు రాసేవారు. తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిరిగి సంతకాలు తెచ్చుకునేది. 2022లో నేను సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. ముప్పై రోజులు దాటినా జవాబు రాలేదు. మొదటి అప్పీలు వేశాక 43 పేజీలు చేతికి వచ్చాయి. దుకాణం మూసి రాత్రిపూట ఒక్కొక్కటే చూశాను. ఒకచోట కన్ను ఆగింది. జూలై రెండో వారంలో నాలుగు రోజులు ట్రాక్టరు ట్యాంకరుతో మొక్కలకు నీళ్లు పోసినట్టు 6,400 రూపాయల డీజిల్ బిల్లు. ఆ వారం ఉత్తర తెలంగాణలో ఉన్నవారెవరూ మరచిపోలేరు. రాత్రీ పగలూ వాన. కడెం ప్రాజెక్టు నిలుస్తుందో లేదోనని జనం భయపడిన రోజులు, భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన రోజులు అవి. మా ఊళ్లో ఇంటి గడప దాటడమే కష్టంగా ఉండింది.

నేను ఈ కాగితం తీసుకున్నానని తెలిసి సర్పంచి ఒక రాత్రి దుకాణానికి వచ్చాడు. కోపంగా వస్తాడనుకున్నాను. కుర్చీలో కూర్చుని, "తమ్ముడూ, అది తప్పుడు బిల్లే" అన్నాడు. తర్వాత ఆయన చెప్పినది నేను ఊహించనిది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చట్టంలో ఉంది. బతకకపోతే పదవికే ముప్పు. కాబట్టి నీళ్లు పోసినట్టు ప్రతి నెలా కాగితం ఉండాలి. మరోవైపు, వైకుంఠధామం (ఊరి శ్మశానవాటిక) పని త్వరగా పూర్తిచేయమని పై నుంచి ఒత్తిడి వస్తే, నూటికి రెండు రూపాయల వడ్డీకి నాలుగు లక్షలు అప్పు తెచ్చి కట్టించాడు. ఆ పనికి రావలసిన బిల్లు రాలేదు. వడ్డీ మాత్రం నెలనెలా కడుతున్నాడు. తన పేరు మీద అప్పు, ఊరి పేరు మీద కట్టడం. దొరికిన చోట కొంత సర్దుకున్నానని చెప్పాడు. ఆ రోజుల్లో బిల్లుల కోసం తిరిగిన సర్పంచులు ఎంతమందో మా ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు.

ఆయన్ని దొంగ అనడానికి నాకు నోరు రాలేదు. అలాగని ఆ బిల్లు సరైనదనీ అనలేను. "అన్నా, ఇదంతా నాకు కాదు, గ్రామసభలో చెప్పు" అన్నాను. ఆయన లేచి వెళ్లిపోయాడు. మూడు వారాలు నాతో మాట్లాడలేదు.

తర్వాతి గ్రామసభకు నేను చెప్పగా చెప్పగా వచ్చినవారు నాతో కలిపి 11 మంది. కోరం, అంటే సభకు కావలసిన కనీస హాజరు, లేదు. అయినా అందరం కూర్చున్నాం. నేను బిల్లు చదివాను. ఒక ముసలమ్మ, కూలి పని చేసుకునే ఆమె, "వానలో మొక్కలకు నీళ్లెందుకు బిడ్డా?" అని అడిగింది. అంతే అడిగింది. సర్పంచి చాలాసేపు తల దించుకుని, తర్వాత నిలబడి, ఆ రాత్రి నాకు చెప్పినదంతా అక్కడ చెప్పాడు. అప్పు ఎంతో, వడ్డీ ఎంతో కూడా దాచలేదు. నేను పుట్టి పెరిగిన ఊళ్లో పదవిలో ఉన్న మనిషి నోట పదిమంది ముందు అలాంటి మాట వినడం నాకు అదే మొదలు. రెండు నెలల్లో 6,400 రూపాయలు పంచాయతీ ఖాతాలో కట్టాడు. ఆయనకు రావలసిన వైకుంఠధామం బిల్లు కోసం ఊరి తరఫున సంతకాలు పెట్టి, సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఇచ్చింది కూడా మేమే. పంచాయతీ గోడకు ఒక నల్లబల్ల పెట్టించాం. నెలనెలా డీజిల్, వీధి దీపాలు, పారిశుధ్యం, కూలీలకు ఎంత ఖర్చయిందో సుద్దముక్కతో దాని మీద రాయాలని తీర్మానం చేశాం. ఆ తర్వాతి సభకు 60 మందికి పైగా వచ్చారు. బల్ల మీద తమ వీధి పేరు కనిపిస్తే మనిషికి సభకు రావాలనిపిస్తుంది.

మీరూ చేయాలనుకుంటే ఒక తెల్ల కాగితం చాలు. తెలంగాణలో గ్రామ స్థాయి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర లేదు. నా దగ్గరకు వచ్చేవారు చేసే పెద్ద పొరపాటు "మా వీధికి రోడ్డు ఎందుకు వేయలేదు?" అని రాయడం. అలా అడిగితే జవాబుగా ఒక వాక్యం వస్తుంది, దానితో మీకు పని జరగదు. కాగితాన్ని పేరుతో అడగండి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నగదు పుస్తకం నకలు, డీజిల్ వోచర్లు, ట్రాక్టరు లాగ్ పుస్తకం, ఆ పని కొలతల పుస్తకం. రికార్డులను స్వయంగా వెళ్లి చూసే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. రసీదు తప్పక తీసుకోండి. ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. మా అనుభవంలో చాలా కాగితాలు అక్కడే బయటికి వస్తాయి. ఆ పైన 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లవచ్చు. 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా మన కమిషన్‌లో కమిషనర్లే లేరు. ఎంత మంచి చట్టమైనా కుర్చీ ఖాళీగా ఉంటే ఏమవుతుందో నా దుకాణంలో పేరుకుపోయిన రెండో అప్పీళ్ల నకళ్లు చెబుతాయి.

ఊరి స్థాయి దాటితే ఏముంది అని మీరు అడగవచ్చు. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. పసుపు బోర్డు కావాలి, గిట్టుబాటు ధర కావాలి అన్నదే వారి కోరిక. అంతమంది పేర్లు పట్టడానికి ఒక్కొక్క పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టవలసి వచ్చింది. ఆ రైతుల్లో ఎవరూ గెలవలేదు. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. దాదాపు ఆరేళ్లు పట్టింది, ధర సమస్య తీరిందనీ అనను. కానీ ఆ నామినేషన్ల తర్వాత పసుపు మాట ఎత్తకుండా అక్కడ ఓటు అడగడం ఏ పార్టీకీ కుదరలేదు.

సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరిలో ముగిసింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. ఆ కాలంలో మా నల్లబల్ల చాలా నెలలు ఖాళీగానే ఉంది. ఆ లోపంలో మా వాటా కూడా ఉంది, ఎవరమూ గట్టిగా అడగలేదు. హనుమకొండ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు, 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటు ఇచ్చింది. పక్క జిల్లా మనిషి కాలంలో వచ్చిన హక్కును మేము దాదాపు రెండేళ్లు వాడుకోలేదంటే సిగ్గుగా ఉంటుంది.

ఎన్నికల్లో ఐదు వేల లోపు జనాభా ఉన్న మా వంటి ఊళ్లో సర్పంచి అభ్యర్థి ఖర్చు పరిమితి లక్షన్నర రూపాయలు. ఆ పరిమితి లోపల ఎవరూ ఆగలేదని ఊళ్లో అందరికీ తెలుసు. మా ఇంటికీ కవరు వచ్చింది. ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ నేరమే. అమ్మకు ఆ సెక్షన్ తెలియదు. "12 గుంటల కోసం ఏడేళ్లు తిరిగాను. ఇది తీసుకుంటే రేపు వీళ్ల ముందు ఏ కాగితం పట్టుకుని నిలబడాలి?" అని తిప్పి పంపింది. అన్నయ్య ఏమీ అనలేదు. ప్రచారానికి వచ్చిన ముగ్గురు అభ్యర్థులనూ మా వీధి ఆడవాళ్లు ఒకే మాట అడిగారు: బల్ల మీద లెక్క రాయిస్తారా, లేదా? ముగ్గురూ రాయిస్తామన్నారు.

గెలిచినాయన మొదటి నెల రాయించాడు. నిన్న ఊరి నుంచి ఫోను వచ్చింది, ఈ నెల గడులు ఇంకా ఖాళీగానే ఉన్నాయట. ఆదివారం దుకాణం మూసి వెళుతున్నాను.